నేను గీసిన ఆరు వేల గీత

ఇంటి సౌదా ఖర్చు అదుపులో ఉంటే ఇల్లు అదుపులో ఉన్నట్టేనని నమ్మినవాణ్ని నేను. ఆ నమ్మకంతోనే దాదాపు రెండేళ్లు నా భార్యను అర్ధాకలితో ఉంచాను. ఒక్కనాడూ పైసలు లేవనలేదు, కోప్పడలేదు. నెలకు ఆరు వేలని ఒక గీత గీసి, అది దాటకుండా చూడమన్నాను. ఆమె దాటలేదు.

2021 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన 317 జీవో ప్రకారం తన ఉద్యోగులను కొత్త జిల్లాలకు సర్దినప్పుడు నాకు జయశంకర్ భూపాలపల్లి వచ్చింది. పిల్లల చదువు, అమ్మ మోకాళ్ల నొప్పులు చూసుకుని కుటుంబాన్ని జనగామలోనే ఉంచి, నేనొక్కణ్నే భూపాలపల్లిలో గది తీసుకున్నాను. సింగరేణి గనులున్న ఊరు, చెల్పూరులో కరెంటు ఫ్యాక్టరీ. బయటి నుంచి వచ్చి ఉండేవాళ్లు ఎక్కువ కాబట్టి గది కిరాయి తక్కువేం కాదు. జనగామలో ఒక కిరాయి, ఇక్కడొకటి, వారం వారం హనుమకొండలో బస్సు మారుతూ రాకపోకలు. ఎక్కడ తగ్గించాలా అని చూస్తే కిరాయి తగ్గదు, బడి ఫీజు తగ్గదు, బ్యాంకు కిస్తు తగ్గదు. తగ్గేది సౌదా ఒక్కటేనని తోచింది.

అప్పటిదాకా ఆ లెక్క మా ఆవిడే చూసేది. నెలకు ఎంతవుతున్నదని అడిగితే, "గింతని ఎట్ల చెప్తం? ధర చూసి, ఇంట్ల ఏమున్నదో చూసి ఎల్లదీస్తున్న" అన్నది. నేను లెక్కల పంతులును. ఆ జవాబు నాకు జవాబులా అనిపించలేదు. పాత చీటీలు ముందేసుకుని జాబితా రాశాను. కందిపప్పు రెండు కిలోలు, పెసరపప్పు అర కిలో, శనగపప్పు అర కిలో. నూనె మూడు లీటర్లు. పాలు పూటకు పావు లీటరు. గుడ్లు నెలకు ఒక ట్రే. కూరగాయలకు వారానికింతని. బియ్యం, కారం, పసుపు మానుకోట నుంచి, అంటే మా అత్తగారింటి నుంచి వచ్చేవి కాబట్టి వాటికి సున్నా. మొత్తం ఆరు వేలకు తేల్చి, ఆమె చేతికిచ్చాను. చదివి, "పప్పు చాలదేమో" అన్నది. చాలేట్టు చూసుకోమన్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆడడం లేదు.

ఆ తర్వాత ధరలు ఏమయ్యాయో అందరికీ తెలుసు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. మన పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం అటునుంచే వచ్చేది, నూనె ధర లీటరుకు రెండు వందల దాకా ఎగబాకింది. జులై 18 నుంచి ప్యాకెట్లో కట్టి అమ్మే పెరుగు, పిండి, పప్పు మీద 5 శాతం జీఎస్టీ పడింది. మరుసటేడు వానాకాలంలో టమాట కిలో వంద దాటింది. కందిపప్పు నూటయాభై దాటింది. నా గీత మాత్రం కదలలేదు. ధర పెరిగిన ప్రతిసారీ ఆమె అదే ఆరు వేలలో నెల ముగిస్తుంటే, చూశావా, అవుతుంది కదా అనుకున్నాను. అప్పుడు వేయాల్సిన ప్రశ్న ఒకటే: వస్తువు ధర పెరిగి, మొత్తం పెరగలేదంటే, తగ్గిందేమిటి? ఎనిమిదో తరగతి పిల్లవాడిని అడిగినా పరిమాణం తగ్గిందని చెప్తాడు. ఏళ్ల తరబడి ఆ పాఠం చెప్పిన నేను నా ఇంట్లో అడగలేదు.

కళ్ల ముందు కనిపించింది కూడా. శనివారం రాత్రి ఇంటికి చేరితే తరచూ పచ్చిపులుసే ఉండేది. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ సన్నగా తరిగి, కాల్చిన మిరపకాయ నలిపి, కొత్తిమీర వేసి ఆమె చేసే పచ్చిపులుసంటే నాకు ప్రాణం. కానీ మా వైపు పచ్చిపులుసుకు జోడుగా ముద్దపప్పు ఉండాలి. పప్పు గిన్నె పిల్లల ముందు, అమ్మ ముందు, నా ముందు ఉండేది. వడ్డించి ఆమె చివరికి కూర్చునేది. అప్పటికి గిన్నెలో అడుగున పట్టిందే మిగిలేది. అందులో రెండు ముద్దల అన్నం వేసి, గిన్నె అంచుల చుట్టూ వేళ్లతో తుడిచి, దాని మీద పచ్చిపులుసు పోసుకుని తినేది. ఆ కలిపే చేతిని నేను చూశాను. గిన్నె కడగడం తేలికవుతుందని అలా చేస్తుందనుకున్నాను.

నా తిండి సంగతి చెప్పకపోతే ఈ ఒప్పుకోలు సగమే అవుతుంది. భూపాలపల్లిలో మెస్సులో రెండు పూటలా తినేవాణ్ని. గుడ్డు కూర అదనం. ఆదివారం ఊరికి పోని వారం బిర్యానీ. సాయంత్రం తోటి పంతుళ్లతో చాయ, మిర్చి బజ్జి. ఇవన్నీ నా పుస్తకంలో 'వ్యక్తిగతం' అనే వేరే పేజీలో ఉండేవి. ఇంటి ఖర్చు కింద రాలేదు కాబట్టి వాటికి గీత లేదు. ఒక్కడి తిండికి నేను పెట్టింది, నలుగురి సౌదాకు ఇచ్చినదానికి పెద్ద దూరంలో లేదు. పేజీలు వేరు కావడంతో ఆ రెండు అంకెలు ఎన్నడూ పక్కపక్కన నిలబడలేదు.

సంగతి బయటపడింది మానుకోట వైపు. అత్తగారి ఊరు కేసముద్రం దగ్గర. మిర్చి కల్లంలో ఆరబోసి, తాలు కాయ ఏరుతున్న రోజులు. కూలీల మధ్య కూర్చుని తాలు ఏరుతున్న మా బావమరిది తల ఎత్తకుండానే మెల్లగా అడిగాడు: "బావా, ఏమన్న అప్పులైనయా? అక్క ఎన్నడు నోరిడిచి అడగంది, పప్పు పంపుమని ఫోన్ చేసింది. ఆర్టీసీ కార్గోల ఏసిన. చెప్తే ఇంకిన్ని పంపేటోన్ని గద." నాకు నోట మాట రాలేదు. ఆ పప్పు మా ఇంటికి వచ్చిన నెల నా పుస్తకంలో 'ఆదా' అని రాసి ఉంది.

ఆ సాయంత్రం అత్తమ్మ కూతురి చెయ్యి పట్టుకుని గోళ్లు చూసి, "బిడ్డ తెల్లగ పాలిపోయింది" అన్నది. జనగామ వచ్చాక రక్తపరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ 8.4. ఆడవాళ్లకు 12 ఉండాలి. మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నం కళ్లు తిరగడం ఎప్పటినుంచో ఉన్నాయట. నిద్ర చాలక అనుకుందట. రక్తం తగ్గడానికి ఇంకా కారణాలుంటాయని డాక్టరమ్మ అడగాల్సినవన్నీ అడిగింది. చివరికి, రోజూ ఏం తింటున్నావమ్మా అన్నది. మా ఆవిడ నావైపు చూసి, అన్నం, కూర, అన్నీ తింటానని చెప్పింది. నా పరువు కాపాడటానికి అక్కడ కూడా అబద్ధమాడింది.

తర్వాతి సోమవారం బడిలో మధ్యాహ్న భోజనం సరుకు తూయించే పని నాది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు తలకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, ఏడున్నర గ్రాముల నూనె. వారానికి మూడు గుడ్లు. రిజిస్టరులో ఆ ముప్పై దగ్గర నా పెన్ను ఆగింది. నా జాబితాలో పప్పులన్నీ కలిపి మూడు కిలోలు. నెల రోజులకు పంచితే రోజుకు వంద గ్రాములు. నలుగురికి పంచితే తలకు ఇరవై ఐదు. బడిలో ఒక్క పూటకు ఒక పిల్లవాడికి తూచి పోసేదానికన్నా, నా ఇంట్లో ఒక మనిషికి రోజు మొత్తానికి రాసింది తక్కువ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజుకు పప్పు, గుడ్డు, మాంసం లాంటివి కలిపి 85 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు ఉండాలి. పిల్లలకు కొంత తగ్గించి వేసుకున్నా నా జాబితా ఏ మూలకూ రాదు. ఆ ఇరవై ఐదు కూడా అందరికీ సమానంగా పంచితేనే. మా ఇంట్లో పంపకం ఎలా జరిగేదో పైన రాశాను.

మాది ఒక్క ఇల్లే అయితే ఇంత రాయను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అందరి ఇళ్లలోనూ నాలాంటివాడు ఉన్నాడనడం లేదు. కానీ తిండి ఖర్చు బిగిస్తే ఆ బిగింపు ఎక్కడ పడుతుందో నేను చూశాను. 2023–24 గృహ వినియోగ సర్వే ప్రకారం దేశంలో పల్లె కుటుంబాల ఖర్చులో తిండిది 47 శాతం. అందులో బియ్యం, గోధుమల వంతు మొత్తం ఖర్చులో 5 శాతమే. మిగతాదంతా పాలు, కూరగాయలు, పప్పు, గుడ్డు, నూనె, దుకాణంలో దొరికే చిరుతిండ్లు లాంటివే. బియ్యం మాకు అత్తగారిల్లు ఇస్తుంది, కార్డున్నవాళ్లకు రేషన్ ఇస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యమే ఇస్తున్నారు, మంచి పని. కానీ పప్పు, పాలు, గుడ్డు కొనుక్కోవాల్సిందే. కోత పెడితే పడేది వాటి మీదే. కోత పడ్డా అన్నం కుండ నిండుగానే ఉంటుంది. ఆకలి ఉన్నట్టు ఎవరికీ తెలియదు.

ఇప్పుడు జాబితా తలకిందులుగా రాస్తున్నాం. మొత్తం ఎంతన్నది ముందు వేయం. మనిషికి ఇంత పప్పు, ఇన్ని పాలు, ఇన్ని గుడ్లు అని ముందు రాసి, ఆ తర్వాత ధర కడతాం. మా ఆవిడ పేరు కూడా ఒక వరుసలో ఉండాలని నేనే పట్టుబట్టాను. ఆరు వేలు ఎటూ చాలవు, దాదాపు తొమ్మిది వేలు అవుతున్నది. 'వ్యక్తిగతం' పేజీ చింపేశాను. నా మెస్సు బిల్లు ఇంటి లెక్కలోనే పిల్లల పాల కింది వరుసలో వస్తుంది. వడ్డన విషయంలో అమ్మకు కష్టంగానే ఉంది, మగవాళ్లు తిన్నాకే అన్న అలవాటు ఆమెది. నేనున్న రోజుల్లో అందరం ఒక్కసారే కూర్చుంటాం. లేని రోజుల్లో ఎలా జరుగుతున్నదో మా పెద్దమ్మాయి ఫోన్లో చెప్తుంది.

మందులు వాడుతున్నాం. ఈ మధ్య పరీక్షలో 11.2 వచ్చింది. ఇంకో మూడు నెలలు వేసుకొమ్మన్నారు. మాట మాత్రం అంత తొందరగా కోలుకోలేదు. మొన్న కందిపప్పు కిలో ఎంతకు తెచ్చావని, ఊరికే తెలుసుకుందామని అడిగాను. చెప్పింది. సంచిలో ఉన్న చీటీ తీసి చూస్తే ఇరవై రూపాయలు ఎక్కువ ఉంది. నాకు ధర తగ్గించి చెప్పడం ఆమె ఇంకా మానలేదు.