కవర్ చేసేశాం!

మా హైదరాబాద్ మిత్రుడొకడు ఇటలీని ఏడు రోజుల్లో కవర్ చేసి వచ్చాడు. ఈ మాట నాది కాదు, వాడిదే. రోమ్ రోజున్నర, ఫ్లోరెన్స్ అరపూట, పీసా నలభై నిమిషాలు, వెనిస్ ఒక రోజు, తక్కినదంతా బస్సు. పీసా గోపురాన్ని అరచేత్తో ఆపుతున్న ఫొటో నాకూ పంపాడు. 1173లో మొదలెట్టిన ఆ కట్టడం మూడంతస్తులు లేచేసరికే ఒరిగింది. దాన్ని పడిపోకుండా ఆపడానికి 1990 నుంచి 2001 దాకా తలుపులు మూసి మరీ ఇంజనీర్లు తంటాలు పడ్డారు. మావాడు ఒంటిచేత్తో ఆపేశాడు. బీటెక్ ఊరికే పోదు.

ఆ ఊపు తగ్గకముందే ఇంకో ఇద్దరిని వెంటేసుకుని, ఓ ఆదివారం పొద్దున్నే మా స్టేషన్లో దిగాడు. "శ్రీకాకుళం జిల్లా ఒక్క రోజులో అయిపోతుంది కదరా?" అన్నాడు. అయిపోవడానికి అదేం ఉప్మానా అని అడగబోయి ఊరుకున్నాను. అప్పటికే వాడు ఫోన్లో టైంటేబుల్ తీశాడు. దంతపురి పది నిమిషాలు, శ్రీముఖలింగం ఇరవై, శాలిహుండం పదిహేను, కళింగపట్నం సముద్రం పది, శ్రీకూర్మం, అరసవల్లి, రాత్రి రైలు. టిఫిన్‌కి మాత్రం ముప్పావుగంట పెట్టాడు. అక్కడ మాత్రం తొందర పనికిరాదన్నాడు.

ఈ 'కవర్' అనే మాట గురించి కాస్త చెప్పుకోవాలి. వెనకటి వాళ్ళు ఊళ్ళు చూసేవాళ్ళు, తిరిగేవాళ్ళు, యాత్ర చేసేవాళ్ళు. ఏనుగుల వీరాస్వామి 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరితే మళ్ళీ ఇల్లు చేరేసరికి పదిహేను నెలలు దాటింది. తిరుగు ప్రయాణంలో పూరీ చూసుకుని కోస్తా వెంట మా వైపు నుంచే వెళ్ళాడు. ఆయన ఏమీ కవర్ చెయ్యలేదు. కనిపించిందల్లా విప్పి రాసుకున్నాడు. మనకు తెలిసిన కవర్లు ఏమిటి? కూరగాయల కవరు, పెళ్ళిలో చదివింపుల కవరు, బల్లకింద నుంచి వెళ్ళే కవరు. అన్నిటి పనీ ఒక్కటే, లోపలిది బయటికి కనపడకుండా చెయ్యడం. ఆ లెక్కన మావాడు వాడిన మాటలో తప్పేమీ లేదు.

మొదటి మజిలీ దంతపురి. సరుబుజ్జిలి మండలంలో దంతవరపుకోట అంటారు. చుట్టూ మట్టిగట్టు, మధ్యలో చేలు. బుద్ధుడి దంతం ఉన్న కళింగ రాజధాని దంతపురం ఇదేనని మావాళ్ళ నమ్మకం. కాదు, పూరీయేనన్న పండితులూ ఉన్నారు. ఆ దంతాన్ని హేమమాల అనే రాకుమారి కొప్పులో దాచి లంకకు చేర్చిందని బౌద్ధుల కథ. ఇప్పుడది క్యాండీలో పూజలందుకుంటోంది. ఇదంతా నేను చెబుతుంటే మావాడు కారు అద్దం సగం దించి అడిగాడు, "అయితే పన్ను ఇక్కడ లేదా?"

"నేదు బావూ. పన్ను లంకకెల్లిపోనాది" అన్నాడు మా డ్రైవరు.

"మరి ఇక్కడేం చూడాలి?"

అద్దం పైకెళ్ళింది. నాలుగు నిమిషాలు. ఆరు నిమిషాలు మిగిలాయని మావాడు సంబరపడ్డాడు. పొద్దున్న వచ్చి సాయంత్రం పోయే వాళ్ళ బెడద పడలేక వెనిస్ వాళ్ళు 2024లో మనిషికి 5 యూరోల పన్ను పెట్టారు. కొన్ని రోజులకేననుకోండి. దంతపురిలో ఆ పన్నూ లేదు, ఈ పన్నూ లేదు. ఇంతకన్నా చవకైన చరిత్ర ఎక్కడ దొరుకుతుంది?

శ్రీముఖలింగంలో ఇంకో చిక్కు వచ్చింది. ఒక్కటి తక్కువ కోటి లింగాలున్నాయి కాబట్టి కాశీ కాకుండా పోయిందని మావాళ్ళు చెప్పుకుంటారు. ఎవరు లెక్కపెట్టారని ఎవరూ అడగరు. మావాడూ అడగలేదు. "ఆ ఒక్కటీ పెట్టేస్తే బ్రాండింగ్ అదిరిపోయేది కదా" అన్నాడు. మధుకేశ్వరుడి గుడి రాళ్ళ మీద తూర్పు గాంగుల శాసనాలున్నాయి. దగ్గర్లోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన పిల్లవాడొకడు, పర్లాకిమిడిలో బడిపంతులై, పాత లిపులు తనకు తానే నేర్చుకుని వాటిని చదివాడు. కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించాడు. ఆయనే గిడుగు రామమూర్తి. ఆ గోడకు ఆనుకుని నిలబడి మావాడు ఫొటో దిగాడు. శాసనం వీపు వెనకాల పడింది. చక్కగా కవరయింది.

ఫ్లోరెన్స్‌లో శాంటా క్రోచె చర్చి చూసి బయటికొచ్చిన ఫ్రెంచి రచయిత స్టెంధాల్‌కి గుండె దడ పుట్టి, కింద పడిపోతానేమోనని భయమేసిందట. అది 1817లో. తర్వాతి కాలపు డాక్టర్లు ఆ జబ్బుకి ఆయన పేరే పెట్టారు. మనవాళ్ళకి ఆ ప్రమాదం బొత్తిగా లేదు. కళ్ళు తిరిగేటంత సేపు ఏదీ చూడరు. మావాడికీ ఆ రోజు కళ్ళు తిరిగాయి గానీ, అది భోజనం ఆలస్యమై.

శాలిహుండం మెట్లు ఎక్కుతూ వాడు అలసిపోయాడు. పక్కన వంశధార, కొండ మీద ఇటుకల స్తూపాలు, చైత్యాలు. వందల ఏళ్ళు మట్టికింద ఉన్నదాన్ని 1919లో లోకానికి చూపించింది కూడా ఆ గిడుగువారే. ఏటా ఆగస్టు 29న ఆయన బొమ్మకు దండలేసి, తెలుగు భాష మీద గ్రాంథికంలో ఉపన్యాసాలిచ్చే పెద్దల్లో ఈ మెట్లెక్కినవాళ్ళు ఎందరో నాకు తెలీదు. వాడుక భాష కోసం అంత పోరాడిన మనిషి గనక 'కవర్' అన్న మాటను ఆయన వెళ్ళగొట్టి ఉండరు. కాకపోతే ఒకసారి నవ్వి, తాను వెతికి చూపినదాన్ని మళ్ళీ కప్పేస్తున్నారన్నమాట అని ఉండేవారు. మావాడు స్తూపం చుట్టూ ఒక వీడియో తిప్పి, "పాంపేయిలో ఇలాంటివి బోలెడు" అని తేల్చేశాడు. పాంపేయిని కవర్ చేసింది అగ్నిపర్వతం. ఇక్కడ తినేసిన చిప్స్ కవరు గాలికి స్తూపం మీదికి ఎగిరింది. దాన్ని తెచ్చింది మా డ్రైవరే. పదిహేను నిమిషాల్లో మూడు ఆ పనికే పోయాయి.

కళింగపట్నంలో సముద్రాన్ని కారులోంచే చూశారు. శ్రీకూర్మంలో తాబేళ్ళని చూశారు. కూర్మనాథుణ్ణి చూశారో లేదో అడగలేదు. ఆదివారం సూర్యుడి రోజని అరసవల్లిలో క్యూ రోడ్డు దాకా వచ్చింది. ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరు మొదట్లోనూ, సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయని చెప్పాను.

"ఇవాళ పడవా?"

"పడవు."

"ఆన్‌లైన్లో బుక్ చేస్తే?"

గోపురాన్ని దూరం నుంచి ఫొటో తీసి అరసవల్లి కూడా కొట్టేశారు. తెలుగులో ఆ మాటకు దొంగతనమనే అర్థం కూడా ఉందని గుర్తుచేసేంత తీరిక ఎవరికీ లేదు.

రాత్రి మళ్ళీ స్టేషన్. మా ఊళ్ళోనే ఉన్నా దాని పేరు శ్రీకాకుళం రోడ్. రైల్వేవాళ్ళ కోడు సీహెచ్ఈ, ఇంగ్లీషు దొరల నోట్లో నలిగిన చికాకోల్ తాలూకు తునక. మా ఊరి పేరు మీద రైల్వేవాళ్ళు ఏనాడో ఒక కవరు తొడిగారు. ఆ బోర్డు కింద మావాడు చివరి సెల్ఫీ తీసుకుని, 'శ్రీకాకుళం కవర్డ్' అని పెట్టాడు. రైలు వచ్చేలోపే నలభై లైకులు వచ్చాయి. పెట్టెక్కి, తలుపు దగ్గర నిలబడి, ఏదో గుర్తొచ్చినట్టు అరిచాడు.

"ఒరేయ్, నీ అడ్రసులో ఆమదాలవలస అని ఉంటుంది కదా, అదెక్కడ? ఈసారి దాన్ని కూడా కలుపుదాం."

రైలు కదిలింది. మా డ్రైవరు దాని వెంట నాలుగడుగులు పరిగెత్తి చెప్పాడు.

"ఇందాకటిదాకా దాని మీదే నిలబడ్డారు బావూ!"