పదకొండు నెలల మహామంత్రం

హైదరాబాదు ఇంటి ఓనర్ల ధర్మశాస్త్రం మొత్తం జిరాక్సు సెంటర్లో దొరికే వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఇమిడిపోతుంది. అందులో మూలసూత్రం పదకొండు నెలలు. పన్నెండో నెల పుట్టగానే అద్దెకున్నవాడు కబ్జాదారు అయిపోతాడనీ, సామాను బయట పెట్టి తాళం మార్చే హక్కు ఓనరుకు దానంతటదే వచ్చేస్తుందనీ వారి నమ్మకం.

ఈ నమ్మకానికి మూలం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలని అది చెప్పింది. ఒక నెల కోసేస్తే ఆ ఖర్చు తప్పుతుందని దేశమంతా కనిపెట్టింది. అంతే తప్ప పదకొండుకూ గెంటివేతకూ చుట్టరికం లేదు. పైగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో ఆ నిబంధనను సవరించి, ఎంతకాలపు లీజుకైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. తెలుగునాట మంత్రానికి ఉన్న ఆ కాస్త మహిమా అప్పుడే పోయింది. జపం మాత్రం ఆగలేదు.

గడువు దాటాక కూడా ఓనరు అద్దె పుచ్చుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు అది నెలవారీ అద్దె కింద సాగుతుంది. దాన్ని ముగించాలంటే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. ‘కబ్జాదారు’ నుంచి పన్నెండో నెల అద్దెను ఫోన్‌పేలో అందుకోవడానికి ఏ ఓనరుకూ అభ్యంతరం ఉన్నట్టు కనబడదు.

నోటీసు ఇచ్చినా ఖాళీ చేయకపోతే వెళ్లాల్సింది సివిల్ కోర్టుకు. కోర్టు దూరం, మోటారు స్విచ్చి దగ్గర. అందుకే ముందు నీళ్లు ఆగుతాయి, తర్వాత కరెంటు. అప్పటికీ కదలకపోతే అమెరికా నుంచి కొడుకు దిగుతున్నాడన్న కబురు వస్తుంది. ఇల్లు ఖాళీ అయిన మర్నాడే కొడుకు ప్రయాణం రద్దవుతుంది, పెరిగిన అద్దెతో టులెట్ బోర్డు వేలాడుతుంది.

ఇలాంటి సౌకర్యాల కోతను 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం నిషేధించింది. కాకపోతే 2005 సవరణ తర్వాత, కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు ఆ చట్టం వర్తించదు. హైదరాబాదులో అంతకు లోపు ఇల్లు దొరికినవాడికి చట్టంతో పనేముంది, అదృష్టమే కాపాడుతుంది!

అయినా ఓనర్లు తమ శాస్త్రంలో రాసుకోని సంగతి ఒకటుంది. కోర్టు ఉత్తర్వు లేకుండా బలవంతంగా గెంటేస్తే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ కింద అద్దెదారు దావా వేసి ఇంటిని తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు. ఇల్లెవరిదన్న ప్రశ్న ఆ దావాలో రాదు. గడువు, గెంటేసిన రోజు నుంచి ఆరు నెలలు.