రెండు బై రెండు బండ సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: రెండు బై రెండు బండ, పాతికకు నూరు, మిగిలితే నాలుగేసి.

అవతారిక. తాండూరు నాపరాళ్ల లెక్కను సూత్రంగా కుదిస్తే పై వాక్యం వస్తుంది. కర్త ఎవరో తెలియదు కనుక అపౌరుషేయం అనుకోవచ్చు. వేదాల సరసన కూర్చోబెట్టమని మాత్రం అడగను. ఇక ప్రతిపదార్థం. రెండు బై రెండు = పొడవు రెండడుగులు, వెడల్పు రెండడుగులు గల; బండ = షాబాదు బండ అని కూడా పిలిపించుకునే సున్నపురాతి పలక; పాతికకు = ఇరవై ఐదింటికి; నూరు = వంద చదరపు అడుగులు; మిగిలితే = పాతికల్లో ఇమడనివి ఉన్నట్లయితే; నాలుగేసి = రాయికి నాలుగు చొప్పున. ‘అడుగులు’ అన్న మాటను అధ్యాహారం చేసుకోవాలి. పగిలిన రాయి ఎవరి ఖాతాలోకి పోతుందో సూత్రకారుడు చెప్పలేదు. అది బేరశాస్త్రం, ఇక్కడ అప్రస్తుతం. అన్వయం: రాళ్లు 375 అయితే పాతికలు పదిహేను, కనుక 1,500 అడుగులు. 375ను నాలుగుతో గుణించినా అంతే కదా అనవచ్చు. అంతే. కానీ అందులో ఒకసారి రెండు, ఒకసారి మూడు చేతిలో మిగులుతాయి, వాటిని మరిచిపోకుండా మోయాలి. పాతికల లెక్కలో మోత కూలి లేదు.

నోటిలెక్కల్లో దిట్ట మనకన్నా వేగంగా గుణిస్తాడని లోకం నమ్మకం. గుణకారాన్ని అతడు వీలైనంతవరకు ఎగ్గొడతాడని నా వాదం. కష్టమైన అంకెకు పొరుగున ఉన్న సులువైన అంకె ఏదో అతనికి తెలుసు, అక్కడికి పోయి వెనక్కి వస్తాడు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందులనే తీసుకుందాం. ధర క్వింటాలుకు 7,250 రూపాయలు, బస్తా 48 కిలోలు అనుకోండి. డెబ్బై రెండున్నరను నలభై ఎనిమిదితో గుణించబోయేవాడికి కాగితం కావాలి. ఒడుపు తెలిసినవాడు అరక్వింటాలుకు 3,625 కట్టి, రెండు కిలోల సొమ్ము 145 తీసేసి, 3,480 అంటాడు. (తరుగు అనేది ఏ అంకె చివరనైనా చేరి లోపాన్నే కలిగించే ప్రత్యయం, దానికి వ్యాకరణం లేదు.) నిజాం కాలపు హాలీ సిక్కాకూ ఇదే దారి. ఆరు కల్దార్ (బ్రిటిష్ ఇండియా) రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. 240 కల్దార్‌ను ఏడుతో గుణించి ఆరుతో భాగించనక్కర్లేదు. ఆరోవంతు నలభై కలిపితే 280 హాలీ.

విశేషం. ఈ ఒడుపుకు శాస్త్రప్రమాణం కావాలంటే దూరం పోనక్కర్లేదు. వికారాబాద్ జంక్షన్‌లో వాడి వైపు బండి ఎక్కితే, 1874లో వేసిన ఆ దారిలో తాండూరు, సేడం దాటాక మల్ఖేడ్ రోడ్డు స్టేషను వస్తుంది. మల్ఖేడ్ అంటే రాష్ట్రకూటుల మాన్యఖేటం. తాండూరు మీదుగా పారే కాగ్నా నదే దాని పక్క నుంచీ పోతుంది. అక్కడి నుంచి ఏలిన అమోఘవర్షుణ్ణి స్తుతిస్తూ తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అందులో హారాల్లాంటి గుణకారాలున్నాయి: 152207ను 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు, 142857143ను ఏడుతో గుణిస్తే రెండు కొసల రెండు ఒకట్లు, నడుమ అన్నీ సున్నాలు. చూసేవాడు గుణకారానికి చప్పట్లు కొడతాడు. ఆచార్యుడి ప్రతిభ గుణించడంలో లేదు. ఏ అంకెలు తీసుకుంటే హారం కుదురుతుందో ముందే ఎంచుకోవడంలో ఉంది.

పూర్వపక్షం. “ఇవన్నీ అంగడి చిట్కాలు. పుట్టుకతో వచ్చే శక్తి మాటేమిటి? ప్రొద్దుటూరు దగ్గరి కల్లూరులో 1907లో పుట్టిన లక్కోజు సంజీవరాయ శర్మ పుట్టుగుడ్డి. గణితావధానాలతో పండితులను నివ్వెరపరిచారు. ఆయనకు చిట్కా ఎవరు చెప్పారు?” బలమైన ఆక్షేపణే, పుట్టుకకు వాటా లేదని నేను అనను. అయితే ఆయన అక్క పాఠాలు పైకి చదువుతుంటే విని నేర్చుకున్నారు. పలక లేనివాడికి లెక్క మొత్తం చెవిలోనే నిలవాలి. అలా నిలపడం ఏళ్ల సాధన. మన ఎక్కాలు రాగం తీసి వల్లించేదీ అందుకే. 2020లో మైండ్ స్పోర్ట్స్ ఒలింపియాడ్‌లో నోటిలెక్కలకు స్వర్ణం గెలిచిన హైదరాబాదు యువకుడు నీలకంఠ భానుప్రకాశ్ దారీ అలాంటిదే: ఐదేళ్ల వయసులో తలకు దెబ్బ తగిలి మంచాన పడ్డప్పుడు పట్టిన చిక్కుప్రశ్నలే అతణ్ణి అంకెల్లోకి దింపాయి. వాళ్లకున్నది మనకు లేనిది కావచ్చు, కానీ సాధన లేకుండా అది బయటపడిన దాఖలా ఈ ఇద్దరిలోనూ లేదు.

ఇంకొక పూర్వపక్షి జేబులోంచి ఫోను తీస్తాడు. అతనితో వాదం పొడిగించను. తొందరలో 375కు బదులు 357 నొక్కితే ఫోను 1,428 అని చూపిస్తుంది, ఏమాత్రం తడబడదు. ఎదుట పదిహేను వరసలు పాతికల చొప్పున కనిపిస్తున్నవాడికి మాత్రం ఆ అంకె చూడగానే అనుమానం వస్తుంది. ఫోను జవాబు చెబుతుంది; దాన్ని నమ్మాలా వద్దా తేల్చేది మన సూత్రమే. కాబట్టి తాండూరుకు బండల కోసం వెళ్లే పాఠకులకు మనవి: లారీకి ఎత్తించేముందు రాళ్లను పాతిక చొప్పున పేర్పించండి, పగిలినవి విడిగా పెట్టించండి, లెక్క చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.