పంటితో పిలుస్తాను

ఈ ఇంట్లో మేం ఇద్దరం ముసలి పిల్లులం. నేను తెల్లదాన్ని, వీపు మీద రెండు నల్లమచ్చలు. ఇంకొకడు ఎర్రోడు. ఊరు మైపాడు, నెల్లూరుకి తూర్పున, సముద్రం ఒడ్డు. 2012 అక్టోబరు ఆఖర్న నీలం తుఫాను మహాబలిపురం దగ్గర తీరం దాటిన వానల్లో పుట్టాను. ఒడ్డున బోర్లించిన పాత నావ కింద మా అమ్మ ఈనిందట. మిగతా కూనలు చలికి పోయాయి. నేనొక్కదాన్నే మిగిలితే, కళ్లు తెరిచిన కొద్దిరోజులకే ఈ ఇంటి అవ్వ తుండుగుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చింది.

నా కొరుకుడు అక్కడే మొదలైంది. పిల్లికూనలు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ ఆడుకుంటాయి. పన్ను గట్టిగా దిగితే అవతలి కూన కీచుమని ఆట మానేసి పోతుంది, లేదంటే తల్లి ఒక్కటి తగిలిస్తుంది. ఎంతవరకు ఆట, ఎక్కణ్నుంచి నొప్పి అన్నది పుట్టిన రెండు నెలల్లో అట్లా ఒంటబడుతుంది. నాకు తోబుట్టువులు లేరు. అవ్వ కొడుకు చెయ్యి ఉంది. అతను వల చిరుగులు కుట్టుకుంటూ నా ముందు వేళ్లు ఆడించేవాడు, నేను ఎగిరి పట్టుకునేదాన్ని. అప్పుడు నాకు 26 పాలపళ్లు. ఇల్లంతా నవ్వేది. ఆర్నెల్లకు అవి రాలి 30 అసలు పళ్లు వచ్చాయి, ఆ నవ్వు పోయింది. నా మటుకు నాకు చెయ్యి ఆటవస్తువుగానే ఉండిపోయింది.

పెద్ద పిల్లులు తమలో తాము మ్యావుమని మాట్లాడుకోవడం చాలా అరుదు. ఆ అరుపు ఎక్కువగా మనుషుల కోసమే దాచుకుంటాం. అలల హోరులో, టీవీ మోతలో నా అరుపుకి ఎవరూ తల తిప్పలేదు. చీలమండ పట్టుకుంటే తిప్పారు. ‘ఏందే నీ గోల’ అని అవ్వ కసిరినా నా మొహం చూసి కసిరేది. కోడలు పక్కకు నెట్టినా ఆమె అరచెయ్యి నా ఒంటికి తగిలేది. తిట్టు ఎట్టాంటిదో నేను లెక్కపెట్టలేదు. కొరికితే నా వైపు తిరుగుతారన్నదే నేర్చుకున్నాను. ఎర్రోడు ఇంకో పాఠం నేర్చుకున్నాడు. తెల్లారకముందే కోడలి కాలి బొటనవేలు పట్టుకుంటే, ఆమె నిద్రమత్తులో లేచి గిన్నెలో ఏదో ఒకటి వేసేది. ఆ ముద్ద దొరికినన్నాళ్లూ వాడు ఆ వేలు వదల్లేదు.

మా కొరుకుళ్లకు ఒక కాలం ఉందని మొదట కనిపెట్టింది అవ్వే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఈ తూర్పు తీరంలో మరపడవల వేట ఆపేస్తారు. చేపలు గుడ్లు పెట్టి పిల్లలయ్యే కాలం అది. ఇంట్లో డబ్బుకు కటకటే. మాకు మాత్రం పండగ. అవ్వ కొడుకు పగలంతా వేపచెట్టు కింద వలలు బాగుచేసుకుంటూ ఉంటాడు, మేం అతని ఒడిలోనో, వలల కుప్ప మీదో పడుకుంటాం. నిషేధం తీరగానే చీకట్లోనే ఇంజన్లు మొదలవుతాయి. అతను సముద్రం మీద, కోడలు చేపల పాట దగ్గర, అవ్వ ఇసుకలో నెత్తళ్లు ఎండబోస్తూ. ఇల్లు ఒక్కసారిగా ఖాళీ. సాయంత్రం అందరూ అలిసి వచ్చేసరికి మేం కాళ్లకు అడ్డంపడతాం. ‘పడవలు పోయినప్పట్నించి వీటికి పండ్లు దురదగా ఉండాయి’ అని అవ్వ ఒక జూలైలో అంది. దురద కాదు, బెంగ. కాలం మాత్రం ఆమె సరిగ్గానే పట్టుకుంది.

ఇదంతా మా వయసు కాలంలో సంగతి. ముసలితనంలో నా పన్ను మాట మారింది. ఆ మార్పు ఇంట్లో వెంటనే ఎవరికీ తెలియలేదు. తెలిసేలోపు నన్ను పోగొట్టుకునేవాళ్లే. ఇలాంటి ముసలి పిల్లులు చాలా ఇళ్లలో ఉంటాయి కాబట్టి ఈ భాగం నెమ్మదిగా చెబుతాను.

ముందు అరుగు ఎక్కడం మానేశాను. తర్వాత వీపు నాక్కోవడం తగ్గింది, నడుం దగ్గర వెంట్రుకలు ఉండలు కట్టాయి. ‘ముసల్దైపోయింది, బద్ధకం’ అన్నారు. ఒకరోజు చుట్టాలొచ్చే హడావిడిలో కోడలు నన్ను మంచం మీంచి దించబోయి నడుం కింద చేతులు పెట్టి ఎత్తింది. అంతకుముందు నా కొరుకుడు పన్ను ఆనించి వదిలేసేది. ఈసారి కోరలు పూర్తిగా దిగాయి. పిల్లి కోర సన్నం, గాయం పైకి చుక్కంతే కనిపిస్తుంది. నోట్లోని సూక్ష్మజీవులు మాత్రం లోపలికి పోతాయి, పైన తోలు మూసుకుంటుంది. మర్నాటికి ఆమె చెయ్యి మణికట్టు దాకా వాచింది. కరిచిన వెంటనే అవ్వ పట్టుబట్టి కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగించడం, ఆసుపత్రికి తీసుకుపోయి రేబిస్ సూదులు మొదలుపెట్టించడం మంచిదైంది. పసుపూ సున్నమూ పూసి కూర్చునేవాళ్లు ఇంకా ఉన్నారు. అది ప్రాణంతో చెలగాటం.

ఆ రాత్రి పక్కింటామె వచ్చింది. ‘గోతంలో ఏసి నెల్లూరు చేపల మార్కెట్ కాడ ఇడిచిపెట్టండి మే. ఆడ దానికి తిండికి తక్కువా?’ అంది. కోడలు కాదనలేదు. ఆమె చెయ్యి మండుతోంది, ఆమెను తప్పుపట్టను. అవ్వ మాత్రం లేచి నిలబడింది. ‘పదేళ్ల పైన ఈ ఇంటి కూడు తినింది. పరుగెత్తలేని కాలంలో కుక్కల మధ్యన పడేస్తారా? ముందు దానికేమైందో చూపిచ్చుకొస్తా’ అంది.

మర్నాడు చేపల బుట్టలో నన్ను పెట్టి పైన గుడ్డ కట్టి, బస్సులో నెల్లూరు పశువుల ఆసుపత్రికి తీసుకుపోయింది. ఆవరణలో గేదెలు, మేకలు, పొడుగు కాళ్ల నెల్లూరు గొర్రెలు. ఈ జిల్లాలో పశువుకి విలువ ఉంది. ఇక్కడి తెల్లజాతి పశువులు ఓడలెక్కి పోయి బ్రెజిల్‌లో ‘నెలోర్’ పేరుతో కోట్లకు కోట్లుగా పెరిగాయి. పాలివ్వని, మాంసానికి రాని, ఎలుకను కూడా పట్టలేని ముసలి పిల్లిని బస్సు ఛార్జీ పెట్టుకుని తెచ్చిన మనిషి ఆ వరసలో మా అవ్వ ఒక్కతే. అది నేను మర్చిపోను.

డాక్టరు నన్ను ముట్టుకోకముందే ఆమెను అడిగాడు: ‘ఎప్పుడు కొరుకుద్దమ్మా?’ అవ్వ ఆలోచించి చెప్పింది: ‘ఒళ్లో కూచుంటే కొరకదు సార్. తల నిమిరితే కొరకదు. నడుం మీద చెయ్యి పడితే కొరుకుద్ది.’ సగం వైద్యం ఆ మాటలోనే అయిపోయింది. నా తుంటి కీళ్లు అరిగాయి. అమెరికాలో 2002లో అచ్చయిన ఒక పరిశీలనలో 12 ఏళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే 90 పిల్లులకు కీళ్లు, వెన్ను అరిగిన గుర్తులు కనబడ్డాయి. మేం కుంటుతూ తిరగం, మూలగం. నొప్పిని దాచుకునే జాతి మాది. దాచలేనంత అయినప్పుడు పన్ను బయటికొస్తుంది. చిగుళ్ల జబ్బు, థైరాయిడ్, చెవుడు, ఏదైనా సరే. ముసలి పిల్లి కొత్తగా కొరకడం మొదలుపెట్టినా, కొరికే తీరు మారినా ముందు ఒళ్లు చూపించాలని ఆయన చెప్పాడు.

‘ఇంట్లో పారాసిటమాల్ ఉండాది, సగం ఎయ్యనా?’ అని అవ్వ అడిగితే ఆయన కుర్చీలోంచి లేచాడు. ఆ మందును పిల్లి కాలేయం విరవలేదు. నెత్తురు పాడవుతుంది, ఒక్క మాత్ర మా ప్రాణం తీయడానికి చాలు. నాకు తగ్గ మందు రాసిచ్చి, ఉప్పుచేపలు ఆపించాడు. ఉప్పు లేకుండా ఉడకబెట్టి, ముల్లు తీసి పెట్టమన్నాడు.

ఇంటికొచ్చాక మంచం పక్కన రెండు ఇటుకలు మెట్టుగా పెట్టారు, పాత దుప్పటి మడిచి వేశారు. కొద్దివారాల్లో నేను మళ్లీ మంచమెక్కాను. నొప్పికి కొరకడం దాదాపు పోయింది. పిలవడానికి కొరకడం పోలేదు, దానికి వేరే దారి కావలసి వచ్చింది. పన్ను ఆనితే చెయ్యి లాక్కోకూడదు, లాక్కుంటే అది మాకు వేట అవుతుంది. చెయ్యి కదపకుండా ఉంచి, వదిలాక ఒక్క మాటా అనకుండా లేచి పోవాలి. నేను ఊరికే కూర్చున్నప్పుడు వాళ్లే వచ్చి పలకరించాలి. మొదట్లో నేను ఇంకా గట్టిగా కొరికాను. అన్నేళ్లు పనిచేసింది ఉన్నట్టుండి పనిచెయ్యకపోతే ఎవరైనా ఇంకొంచెం గట్టిగానే ప్రయత్నిస్తారు. ఆ పదిరోజులు ఇల్లు ఓర్చుకుంది. వలతాడుకి బెండు కట్టి అవ్వ కొడుకు వేటకు పోయేముందు కాసేపు లాగుతాడు. కూర్చున్నచోటు నుంచే పంజా విసురుతాను. ఎర్రోడికి తెల్లవారుజామున ముద్ద పడడం ఆగింది, రాత్రి పడుకోబోయే ముందు పడుతోంది. బొటనవేలు బతికింది.

నెల్లూరులో చదువుకునే మనవరాలు సెలవులకొస్తే ఒక చేత్తో ఫోను చూస్తూ ఇంకో చేత్తో నన్ను నిమురుతూనే ఉంటుంది. చెవులు వెనక్కి వాలుస్తాను, తోక విసురుతాను, వీపు మీద తోలు వణికిస్తాను. చాలమ్మా అని చెప్పే పద్ధతులు మాకు ఇన్ని ఉన్నాయి. కళ్లు తెరమీద ఉన్నవాళ్లకు ఒక్కటీ కనబడదు. ఆఖరికి మణికట్టు పట్టుకోవాల్సి వస్తుంది. ఈ వేసవిలో అవ్వ ఆ పిల్లకు నా తోక చూపించి చెప్పింది.

ఎర్రోడికి ఈమధ్య చెవులు వినబడడం లేదు. వెనకనుంచి ముట్టుకుంటే అదిరిపడి కొరుకుతున్నాడు. నేల అదురు మాత్రం వాడికి తెలుస్తుంది. మొన్న చుట్టాల్లో కొత్త అల్లుడొకడు వచ్చి వాణ్ని నిమరబోతే కోడలు ఆపింది. ‘అట్ట కాదు నాయనా, ముందు నేల మీద రెండు తట్లు తట్టు. తలెత్తి నిన్ను చూసినాక చెయ్యి ఎయ్యి’ అంది. కోర దిగిన చోటు మీద నల్లటి మచ్చ ఇంకా ఉన్న చేత్తోనే నేల తట్టి చూపించింది.