అభ్యంతరాల బాబాయిగారు

పేపరు లోపలి పేజీల్లో, టెండరు నోటీసులకీ శ్రద్ధాంజలి ఫొటోలకీ మధ్య, భూతద్దం పెడితే తప్ప కనబడని అక్షరాల్లో అప్పుడప్పుడూ ఒక ప్రకటన పడుతుంటుంది. ఫలానా రోడ్డు వెడల్పు చేయ సంకల్పించడమైనది, ఫలానా సర్వే నంబరును నివాస జోను నుంచి వాణిజ్య జోనుకు మార్చ ఉద్దేశించడమైనది, ప్రజలకు అభ్యంతరములు, సూచనలు ఏవైనా ఉన్నచో ఇన్ని దినములలోగా రాతపూర్వకముగా తెలియజేయవలెను అని. దీన్ని ఆసాంతం చదివేవాళ్ళు ఊరు మొత్తానికి ఇద్దరే. ఒకరు పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దే మనిషి, అదీ జీతం కోసం. రెండోవారు మా గుంటూరు బ్రాడీపేటలో ఉండే అభ్యంతరాల బాబాయిగారు.

ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది. గేటుకి కొట్టిన ఇత్తడి పలక మీద కూడా ఉంది. కానీ దాంతో మనకి పన్లేదు, ఎందుకంటే ఇలాంటివారు ప్రతి పేటకీ ఒకరుంటారు. కొత్తపేట వాళ్ళకీ, లక్ష్మీపురం వాళ్ళకీ ఈపాటికి ఎవరో ఒకరు గుర్తొచ్చే ఉంటారు. ఆనవాళ్ళు చెబుతాను: చంకలో ప్లాస్టిక్ ఫైలు, జేబులో రెండు పెన్నులు, పర్సులో పదిరూపాయల కోర్టు ఫీజు స్టాంపులు, చేతిసంచీలో కొలతల టేపు. టేపు దేనికంటారా? మీ ప్రహరీ రోడ్డు మీదికి ఎంత జరిగిందో మీకన్నా ముందు ఆయనకి తెలియాలి కదా.

మా బాబాయిగారు ముప్పై ఏళ్ళ పైచిలుకు ట్రెజరీలో పనిచేశారు. అక్కడాయన పనల్లా వచ్చిన బిల్లుకి అబ్జెక్షను రాసి వెనక్కి పంపడం. వోచరు ఉంటే సంతకం లేదు, సంతకం ఉంటే తేదీ లేదు, తేదీ ఉంటే మొత్తం అక్షరాల్లో రాయలేదు. ఆయన సీటు దగ్గర మొదటిసారే పాసైన బిల్లు ఒక్కటే ఉందనీ, అది ఆయన సెలవులో ఉన్న రోజున పాసైందనీ చెప్పుకునేవారు. అలాంటి చెయ్యి రిటైరైతే ఊరుకుంటుందా? మొదటి నెల పిన్నిగారి వంట మీద పడ్డారు. పప్పులో ఉప్పు విషయం 'పునఃపరిశీలించవలసినది' అన్నారట. ఆవిడ గరిటె కింద పెట్టి, "ఆ అభ్యంతరాలేవో పోయి ఊరితో చెప్పుకోండి" అన్నారు. ఆ మాటని ఆయన ఉత్తర్వు కింద తీసుకున్నారు.

అందుకు బ్రాడీపేట లాంటి పేట ఇంకోటి దొరకదు. నిలువునా లైన్లు, అడ్డంగా అడ్డరోడ్లు. చిరునామాకి గుడి పక్కన, వేపచెట్టు ఎదురుగా అనే బాధ లేదు. మధ్యలో ఒక 'బై' వేసి రెండంకెలు చెబితే ఆటో అతను తిన్నగా తెచ్చి దింపుతాడు. "గీసిన దొర గీతలోనే గీశాడయ్యా, కట్టిన మనోళ్ళే గీత దాటారు" అంటారు బాబాయిగారు. ఎవరెంత దాటారో ఆయన నోటుబుక్కులో లైన్ల వారీగా ఉంది. పెంకుటిళ్ళు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాయి, అపార్ట్‌మెంట్లలోకి హాస్టళ్ళు వచ్చాయి, కార్లు పెట్టాల్సిన సెల్లారులోకి కర్రీ పాయింటు వచ్చింది, కార్లు రోడ్డు మీదికి వచ్చాయి. ప్రతి రాకకీ ఒక పేజీ.

అర్జీ ఇచ్చే వేదికకి ప్రభుత్వాలు పేర్లు మార్చుకుంటూ పోయాయి. ప్రజావాణి అన్నారు, మీకోసం అన్నారు, స్పందన అన్నారు, జగనన్నకు చెబుదాం అన్నారు, 2024 నుంచి పీజీఆర్ఎస్ అంటున్నారు. బాబాయిగారి అర్జీ మాత్రం ఒకటే. మా లైన్లో సైడు కాలువ. పేరు మారినప్పుడల్లా పై వరస కొట్టేసి కొత్త పేరు రాసి ఇస్తారు, అంతే. 'విషయము' అన్న చోట దిద్దాల్సిన అవసరం ఏ ప్రభుత్వమూ కల్పించలేదు.

ఆయన్ని అన్నిటికన్నా ఎక్కువ కష్టపెట్టిన కాలం 2010 నుంచి 2021 దాకా. పాత పాలకవర్గం గడువు తీరాక, పది గ్రామాల్ని కలుపుకోవడం, వార్డుల లెక్కలు తేలకపోవడం, వాటితో గుంటూరుకి ఎన్నికలే లేకుండా పోయాయి. మేయరు లేడు, కార్పొరేటరు లేడు, ప్రత్యేకాధికారి పాలన. ఊళ్ళో చాలామందికి ఈ సంగతి తెలియనే తెలియదు. తెలిసినవాళ్ళకి ఏమీ అనిపించలేదు. బాబాయిగారికి మాత్రం ఎదురుగా నిలబెట్టి అడగడానికి మనిషి లేకుండా పోయాడు. 2021 మార్చిలో 57 డివిజన్లకి ఓట్లు పడ్డ రోజున ఏడుగంటలకల్లా వరసలో మొదట నిలబడి ఓటేసి వచ్చి, మధ్యాహ్నం నుంచి కాబోయే కార్పొరేటరుకి అర్జీ రాయడం మొదలెట్టారు. ఎవరు గెలుస్తారో తేలేదాకా పేరు చోట ఖాళీ వదిలారు.

అంతకన్నా పెద్ద బెంగ ఇంకోటుంది. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులోని 243-ఎస్ అధికరణం ప్రకారం మూడు లక్షలకి తగ్గని జనాభా ఉన్న ఊళ్ళలో వార్డు కమిటీలు ఉండాలి. గుంటూరు జనాభా 2011 లెక్కల్లోనే ఆరు లక్షలు దాటింది. "అంటే ఒకటికి రెండింతలు అర్హత ఉన్నట్టా కాదా?" అని ఆయన నన్ను నిలదీస్తారు, నేనేదో ఆపి పెట్టినట్టు. ఆ కమిటీలో సభ్యుడు కావాలని ఆయన కోరిక. నోరు తెరిచి ఎప్పుడూ చెప్పలేదు గానీ, పేరూ అడ్రసూ వేయించిన లెటర్‌హెడ్డులో పేరు కింద ఒక వరస పట్టేంత జాగా వదిలించడం ప్రెస్సులో నా కళ్ళారా చూశాను.

2019 అక్టోబరు 2న వార్డు సచివాలయాలు వచ్చాక ఆయనకి పండగైంది. పట్టాలు దాటి వెళ్ళాల్సిన ఆఫీసు నడిచి వెళ్ళేంత దగ్గరికి వచ్చింది. ప్లానింగుకొక సెక్రటరీ, వసతులకొకరు, పారిశుద్ధ్యానికొకరు. అందరూ పాతికేళ్ళ పిల్లలు, పోటీపరీక్ష రాసి వచ్చినవాళ్ళు. పరీక్షలో రాని ప్రశ్నలన్నీ ఈయన అడిగేవారు. ఆయన గేటు దగ్గర కనబడగానే ఒక కుర్రాడు ఫీల్డు విజిట్ ఉందని బండి తీసేవాడు. "ఫీల్డు విజిట్ అంటే మన కాలువ చూట్టానికే అయ్యుంటుంది" అని ఈయన వెనకాలే ఆటో ఎక్కేవారు.

నవ్వుతాం గానీ, ఆయన్ని చూసి ఎవరూ నవ్వని రోజులూ ఉన్నాయి. 2018 మార్చిలో ఆనందపేట ప్రాంతంలో మంచినీళ్ళలో మురుగు కలిసి డయేరియా ప్రబలింది. మనుషులు చనిపోయారు. అప్పుడు బాబాయిగారు ఏమీ మాట్లాడకుండా నోటుబుక్కులో ఒక పేజీ తీసి చూపించారు: మా పేటలో ఏ ఇంటికి వెళ్ళే మంచినీటి గొట్టం ఏ కాలువలోంచి పోతోందో డోరు నంబర్లతో సహా. మా ఇల్లు నాలుగో వరసలో ఉంది. ఆ సాయంత్రమే ప్లంబర్ని పిలిచాను.

ఇక సైడు కాలువ కథ. బ్రాడీపేటలో కాలువ ఉంటుంది, కానీ కనబడదు. ప్రతి ఇంటివాళ్ళూ బండి ఎక్కించుకోవడానికి దాని మీద ర్యాంపు పోసుకున్నారు. పైన ర్యాంపు ఉంటే కింద పూడిక తీసేదెట్లా? వానొస్తే కాలువ నీళ్ళు ఇంట్లోకీ, ఇంట్లో చెప్పులు వీధిలోకీ. అక్రమ ర్యాంపులు తొలగించి పూడిక తీయించవలసిందిగా బాబాయిగారు పెట్టిన అర్జీల కట్ట తూకానికేస్తే బస్తా మిరపకాయలంత ఉంటుంది. ఒక మంచిరోజు పొద్దున్నే జేసీబీ వచ్చింది. వచ్చి సరిగ్గా బాబాయిగారి ఇంటి ముందే ఆగింది. మరి అర్జీలో ఉన్న అడ్రసు అదే కదా.

లైను మొత్తం బయటికి వచ్చింది. కొందరు కాఫీ గ్లాసులతో సహా వచ్చారు. ఆయన లోపల్నుంచి టేపు తెచ్చి వంగి కొలిచారు, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ కొలిచారు. "అడుగున్నర మీదికి ఉంది. కొట్టండి" అన్నారు. డ్రైవరు ఎన్ని ర్యాంపులు కొట్టాడో గానీ, కొట్టించుకునేవాడే కొలత చెప్పడం ఎప్పుడూ చూసుండడు. రెండు దెబ్బలకి అయిపోయింది. ఆయన డైరీలో టైము వేసుకుని, "ఊఁ, పక్కది" అన్నారు. పక్కింటాయన ముఖం పాలిపోయింది. అంతలో డ్రైవరుకి ఫోనొచ్చింది, ఇంకెక్కడో అర్జంటట. వెళ్ళిన జేసీబీ మళ్ళీ రాలేదు. సాయంత్రానికి బాబాయిగారి ఫోనుకి మెసేజి వచ్చింది, ఆయన అర్జీ పరిష్కరించబడినదని. ఈనాటికీ మా లైన్లో పూడిక తీయడానికి వీలైన కాలువ ఆయన గుమ్మం ముందున్న ఆ కాస్తే. దాని మీద చెక్క వేసుకుని దాటుతున్నారు. పిన్నిగారు కూరగాయల సంచీతో ఆ చెక్క ఎక్కినప్పుడల్లా 243-ఎస్‌ని తలుచుకుంటారు, అయితే ఆవిడ వాడే భాష రాజ్యాంగంలోది కాదు.

జనం ఆయన వరండా నిండా వచ్చింది ఒకే ఒక్కసారి, 2021లో. ఇంటిపన్ను అద్దె విలువ మీంచి ఆస్తి మూలధన విలువ మీదికి మారింది. దానికి తోడు చెత్త పన్ను మొదలైంది. ఏనాడూ ప్రకటన చదవనివాళ్ళు కూడా నోటీసు పట్టుకుని వచ్చారు. కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నారు. ఇంత జనాన్ని చూసేసరికి ఆయనకి ఆవేశం వచ్చి చీరాల-పేరాల ఎత్తుకున్నారు. అప్పట్లో చీరాల మన గుంటూరు జిల్లాలోదే. 1919లో రెండూళ్ళూ కలిపి మునిసిపాలిటీ చేసి, ఏడాదికి నాలుగు వేలున్న పన్నుని నలభై వేలకి పెంచారు. మాకు మునిసిపాలిటీ వద్దని జనం మొరపెట్టుకున్నా వినలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద ఊరికి ఊరే ఇళ్ళు విడిచి, మునిసిపాలిటీ హద్దు అవతల రామనగరు అని పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉంది. "ఎండలో, వానలో, చంటిపిల్లలతో! అభ్యంతరం అంటే అదయ్యా!" అని మెట్ల వైపు వేలు చూపించారు. "చెప్పండి, మనమూ కదులుదామా?"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి మెట్ల మీంచి ఒకాయన, "ఎక్కడికి బాబాయిగారూ, డాలస్‌కా? మా పిల్లలు ఎప్పుడో కదిలారుగా" అన్నారు. పన్నెంతొస్తుందో ఆయన చేత లెక్క కట్టించుకుని, రాసిన అభ్యంతరాన్ని అందరూ జిరాక్సు తీసుకుని వెళ్ళారు. చాలామంది అడ్రసు మార్చడం మర్చిపోయారు. అందుకని ఆ నెల బాబాయిగారి ఇంటిపన్ను మీద పాతిక అభ్యంతరాలు దాఖలయ్యాయి. తర్వాత 2024లో చెత్త పన్ను ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. ఆ వార్త చదివి ఆయన అడిగిన మాట, "ఏ అర్జీ మీద ఎత్తేశారో నంబరు రాశారా?"

డాలస్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఆయన కొడుకు ఉండేదీ అక్కడే. అక్కడి కాలనీ సంఘం నుంచి ఒకసారి నోటీసొచ్చింది, ఇంటి ముందు గడ్డి పెరిగిందని. అబ్బాయి నవ్వుతూ ఫోనులో చెప్పాడు. బాబాయిగారు నవ్వలేదు. ఎన్ని అంగుళాలు పెరిగిందని రాశారు, ఎవరు కొలిచారు, కొలిచినప్పుడు నువ్వున్నావా అని అడిగి, రాత్రికి రాత్రి జవాబు తయారుచేశారు. గడ్డి కోయడానికి పది నిమిషాలు చాలని కొడుకు, అది ఒప్పుకున్నట్టవుతుందని తండ్రి.

శంకర్ విలాస్ వంతెన సంగతి చెప్పకపోతే ఆయన నా మీదే అభ్యంతరం రాస్తారు. మా బ్రాడీపేటకీ అరండల్‌పేటకీ పట్టాలవతలి ఊరితో పొత్తు కలిపింది ఆ వంతెనే. ఇరుకైపోయింది, తీసేసి 98 కోట్లతో కొత్తది కడతామన్నారు. పొడవు పెంచమని కొందరు, ముందు కింద దారి వేయమని కొందరు, వెడల్పులో కొట్లు పోతాయని కొందరు, మొత్తానికి గొడవ హైకోర్టు దాకా వెళ్ళింది. ఊరు ఒక కట్టడం గురించి ఇంతగా మాట్లాడుకోవడం నేనెరిగి లేదు. బాబాయిగారు బొమ్మతో సహా పద్నాలుగు పేజీలు రాశారు. ఒక సభలో ఆయనకీ మైకు దొరికింది, రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ సభకి పిలిచిన నోటీసులో తేదీకీ వారానికీ పొంతన లేదని నిరూపించడానికే సరిపోయాయి. పద్నాలుగు పేజీలూ సంచీలోనే ఇంటికి తిరిగొచ్చాయి. ఆయనలో నాకు కోపం తెప్పించేది ఇదొక్కటే: అసలు మాట ఆయన దగ్గరే ఉంటుంది, కానీ కాగితం తప్పు కనబడితే అక్కడే ఆగిపోతారు. ముప్పై ఏళ్ళు అట్లాగే జీతమిచ్చి నేర్పారు మరి.

2025 ఆగస్టులో పాత వంతెన మూసేశారు. ఇప్పుడు అవతలికి పోవాలంటే కంకరగుంట వంతెనో, వానొస్తే చెరువయ్యే మూడు వంతెనలో దిక్కు. సోమవారం పీజీఆర్ఎస్ కార్పొరేషన్‌లోనూ ఉంటుంది, కలెక్టరేట్‌లో ఎస్.ఆర్. శంకరన్ హాల్లోనూ ఉంటుంది, రెండూ పొద్దున పూటే. చుట్టు తిరిగి రెండుచోట్లకీ అందుకోలేక, ఒక సోమవారం నన్ను కలెక్టరేట్‌కి పంపారు. నేను ఇదివరకు ఏ అర్జీ ఇచ్చి ఎరగను. వరసలో నా ముందున్న పెద్దాయన చేతిలో కూడా ప్లాస్టిక్ ఫైలు, జేబులో రెండు పెన్నులు. "ఏ పేట?" అని అడిగాడు. చెప్పాను. "ఓ, ఆయన తాలూకా" అని పక్కకి జరిగి చోటిచ్చాడు.

తిరిగొచ్చి రసీదు ఇవ్వబోతే బాబాయిగారు ఖాళీగా లేరు. వరండాలో ఎదురుగా సచివాలయంలో పనిచేసే అమ్మాయి కూర్చునుంది. ఈయన రాకని చూసి బండి తీసే బాపతులో ఒకతె. చేతిలో మడత పెట్టిన తెల్లకాగితం.

"నల్లపాడులో మా ఇల్లు సార్. గ్రామాన్ని ఊళ్ళో కలిపినప్పటి నుంచీ మా వీధిలో కాలువ లేదు. నేను చెబితే మా వాళ్ళే వినట్లేదు. మీరొక అర్జీ రాసిపెడితే..."

బాబాయిగారు కళ్ళజోడు పైకి తోశారు. "నల్లపాడు నా డివిజను కాదమ్మా. నాకు అధికార పరిధి లేదు."

అమ్మాయి లేవబోయింది.

"కూర్చో. ఇది అభ్యంతరం మాత్రమే, తిరస్కారం కాదు. వీధి వెడల్పెంత? కొలవలేదూ? ఏవోయ్, ఆ టేపిలా ఇచ్చి నీ బండి తియ్యి."