‘మళ్లీ పడింది’ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “ఏమండోయ్! ఏమీ వేయలేదు, మళ్లీ పడింది!”

అవతారిక: ముసురు పట్టిన శ్రావణ శుక్రవారం తెల్లవారుజామున, వంటింట్లోంచి ఇల్లాలు పడగ్గదిలోని భర్తనుద్దేశించి పలికిన వాక్యమిది.

ప్రతిపదార్థం: ఏమండోయ్ = ఓ పతిదేవా (డీబీ, అంటే కరెంటు మీటల పెట్టె, మూత తీయాల్సింది తమరేనని ధ్వని); ఏమీ = గీజరు, మిక్సీ మొదలైనవాటిలో ఏదీ; వేయలేదు = స్విచ్చి నొక్కలేదు; మళ్లీ = నిన్నటిలాగే; పడింది = ఆర్సీసీబీ మీట కిందికి వాలింది. ‘ఎంసీబీ పడింది’ అని కొందరు అర్థం చెప్పారు. పొసగదు. అది లోడు ఎక్కువైనా, షార్టయినా పడేది. ఇక్కడ ఏమీ వేయనేలేదాయె.

టీక: ఆర్సీసీబీ కరణంగారి లాంటిది. ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్లో తిరిగొచ్చిందా లేదా అన్నదే దాని లెక్క. మీద 30 మిల్లీఆంపియర్లని రాసున్నా, లెక్కలో తేడా 15 దాటాక ఎప్పుడైనా పడొచ్చు. కంప్యూటరు, వాషింగ్ మెషీను వంటివి ఏ రిపేరూ లేకుండానే తలా కాస్త ఎర్తుకు వదులుతుంటాయి. దానికి తోడు వానాకాలం. గీజరు ఎలిమెంటు గొట్టంలో ఉండే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, వాడక మూలన పడి ఉంటే, చెమ్మ పీలుస్తుంది.

శంక: స్విచ్చే వేయకపోతే లీకేజీ ఎక్కడిది?

సమాధానం: స్విచ్చి తెంపేది ఫేజునే. లోపల న్యూట్రల్ ఎర్తును తాకుతుంటే స్విచ్చి ఆపినా తగాదా ఆగదు, ప్లగ్గే పీకాలి. ఎంసీబీలన్నీ దించినా మీట నిలవకపోతే అనుమానం ఇటే పోవాలి, ఎందుకంటే మన ఇళ్లలోని సింగిల్ పోల్ ఎంసీబీలూ న్యూట్రల్ జోలికి పోవు. ఇక మెయిన్ ఆపి, న్యూట్రల్ తీగలు ఒక్కొక్కటే విప్పి వెతకడం ఎలక్ట్రీషియన్ పని, పతిదేవుడిది కాదు. ఇన్వర్టరు పెట్టించిన మర్నాటి నుంచే ఈ గోల మొదలైతే గీజరును నిందించకండి: ఫేజు ఆర్సీసీబీ గుండా పోయి, న్యూట్రల్ పక్కదారిన వస్తోందేమో చూడండి.

పూర్వపక్షం: “దీన్ని పీకేసి డైరెక్టుగా ఇచ్చేస్తా సార్, ఇక పడదు.”

ఖండనం: నిజమే, అది పడదు. తడికాళ్లతో గీజరు కింద నిల్చున్న మనిషి పడతాడు. 100 మిల్లీఆంపియర్లది వేయిద్దామనే మధ్యేవాదులూ ఉన్నారు. అది కొంపంటుకోకుండా కాయడానికి. మనిషిని కాయడానికి 30 మించకూడదు. గీజరును ఇంటి ఆర్సీసీబీ కిందినుంచి తప్పించి, విడిగా ఆర్సీబీఓ (ఆర్సీసీబీ, ఎంసీబీ కలిసినది) పెట్టిస్తే దాని గొడవ దానిది, మిగతా ఇంటికి చీకటుండదు.

తాత్పర్యం: ఓ నాథా! లేచి, గీజరు ప్లగ్గు పీకి, మీట ఎత్తి చూడుము.

పాఠాంతరం: కొన్ని ఇళ్లలో ‘మళ్లీ పోయింది’ అని వినిపిస్తుంది. అలాంటప్పుడు డీబీ దగ్గరికి వెళ్లేముందు బాల్కనీలోంచి ఎదురింటి లైటు చూడాలి. అక్కడా చీకటైతే ఈ వ్యాఖ్య వర్తించదు.