హద్దు రాయి ఆత్మకథ

భూమిని కొలిచినప్పుడు హద్దు మలుపు తిరిగే చోట పాతే గుర్తును సర్వే రాయి అంటారు. తల మీద ఉలితో చెక్కిన గుర్తు పైకి కనిపిస్తుంది, మిగతా ఒళ్లంతా మట్టిలో ఉంటుంది. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ప్రకారం దాన్ని పీకినా, పక్కకు జరిపినా నేరం. నూజివీడు మండలంలో ఒక మామిడి తోట మూలన నిలబడ్డ అలాంటి రాయి తన జీవితాన్ని చెబుతోంది. రికార్డు పిలిచినట్టే అదీ తనను ‘ఈ రాయి’ అనే పిలుచుకుంటుంది.

నూజివీడు మేకా వంశపు అప్పారావుల జమీందారీ. 1802లో వచ్చిన శాశ్వత శిస్తు పద్ధతిలో సర్కారుకు కట్టాల్సింది జమీందారే కాబట్టి, ఏ రైతు చేను ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో సర్కారు కొలవాల్సిన అవసరం పెద్దగా రాలేదు. 1948 చట్టం జమీందారీలను రద్దు చేశాక పని మారింది. ప్రతి చేనుకూ నంబరు, ప్రతి నంబరుకూ పటం, ప్రతి రైతుకూ పట్టా కావలసి వచ్చాయి. ఈ రాయి పుట్టింది ఆ కొలతల కాలంలో. సర్వే గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు; పది చదరపు గొలుసులైతే ఒక ఎకరం. ఆ లెక్కతో గీసిన పటాల పుస్తకాన్నే ఎఫ్‌ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) అంటారు. ఈ రాయి ఉనికికి సాక్ష్యం అందులోని పటంలో ఒక చుక్క.

చుట్టూ ఉన్నది ఎర్ర గరప నేల. వాన పడితే నీరు నిలవదు, వాలుకు దిగిపోతుంది. వేళ్ల దగ్గర తడి నిలిస్తే మామిడి ఓర్చుకోదు కాబట్టి నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట ప్రాంతాల్లో తోటలు అల్లుకున్నాయి. ఎటు చూసినా పది మీటర్ల ఎడంతో, ఎకరానికి నలభై చెట్ల చొప్పున బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టరు కాయలు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా చిక్కం కట్టిన కర్రలు, గంపలు, లారీలు. కాయ విజయవాడ పక్కనున్న నున్న మార్కెట్‌కు వెళ్లి, అక్కడి నుంచి ఉత్తరాది నగరాలకు పోయేది. తోటను గుత్తకు తీసుకున్న వ్యాపారి పూత చూసి ధర కట్టేవాడు. పూత నిలిచినా రాలినా హద్దు మాత్రం కదలలేదు. రైతు దున్నుతూ వచ్చి ఈ రాయి దగ్గర నాగలి తిప్పేవాడు.

తోటలకు వయసు మీరింది. కాపు తగ్గింది, ధర పడిపోయిన ఏళ్లు వచ్చాయి, వారసులు చదువుకుని ఊరు విడిచారు. మరోపక్క పట్టణం పెరిగింది. 2008లో నూజివీడుకు ట్రిపుల్ ఐటీ వచ్చింది. 2014 తర్వాత రాజధాని అమరావతి మాటతో చుట్టుపక్కల భూమికి గిరాకీ పుట్టింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు నూజివీడు కృష్ణా జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. ఒకరోజు తోటలోకి జేసీబీ దిగింది. చెట్లు పోయాయి, గ్రావెల్ రోడ్లు పడ్డాయి, గేటు ఆర్చి మీద వెంచర్ పేరు వెలిసింది. ఎకరాల్లో కొన్నది గజాల్లో అమ్మకానికి వచ్చింది. ఎకరానికి 4,840 గజాలు, సెంటుకు 48.4 గజాలు. రోడ్లు, ఉమ్మడి ఖాళీ స్థలం పోగా మిగిలేదే అమ్ముడయ్యే భూమి.

అప్పటి నుంచి ఈ రాయి దగ్గరికి వచ్చేవాళ్లు మారారు. కార్లలో కుటుంబాలు వస్తాయి. మొదటి ప్రశ్న తూర్పు ఫేసింగా పడమరా అని, రెండోది గజం ఎంత అని. నీళ్ల సంగతి వెంట వచ్చిన ముసలివాళ్లలో ఎవరో ఒకరు అడుగుతారు. ఈ రాయి సంగతి ఎవరూ అడగరు. అడగాల్సింది మాత్రం ఇక్కడి నుంచే.

తెలియని ఊళ్లో స్థలం తమ కుటుంబానికి తగినదో కాదో తేల్చుకునే క్రమంలో మొదటిది హక్కు, హద్దు. అమ్మేవాడికి ఆ భూమి ఎలా వచ్చిందో లింకు డాక్యుమెంట్లలో, మధ్యలో తాకట్లూ అమ్మకాలూ జరిగాయో లేదో ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ (ఈసీ)లో చూడాలి. కనీసం ముప్పై ఏళ్ల వెనక్కి వెళ్లాలి. అడంగల్, 1బి అనే రెవెన్యూ రికార్డుల్లోని పేరు, విస్తీర్ణం పత్రంతో సరిపోవాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద నిషేధిత జాబితా ఉంటుంది. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, అసైన్డ్ భూములు అందులో కనిపిస్తాయి. పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. తర్వాత సవరణలు వచ్చినా అలాంటి నంబరు కనిపిస్తే న్యాయవాదిని అడగకుండా ముందుకు పోకూడదు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ (రెరా) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో ప్లాట్లు వేసి అమ్మాలంటే నమోదు తప్పనిసరి. లేఅవుట్‌కు అనుమతి ఉందో లేదో, ఉమ్మడి ఖాళీ స్థలాన్ని, రోడ్లను పంచాయతీకో మున్సిపాలిటీకో రాసిచ్చారో లేదో కూడా చూడాలి. పార్కు అని పటంలో చూపి, అలా రాసివ్వని స్థలాన్ని తర్వాత ప్లాటుగా అమ్ముకోవడానికి దారి ఉంటుంది.

ఇటీవల ఇంకో చిక్కు కలిసింది. 2020 డిసెంబరులో జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో భూముల రీసర్వే మొదలైంది. గొలుసు బదులు డ్రోన్లు, రోవర్లు వచ్చాయి. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబరు స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు ఉంటుంది. లింకు డాక్యుమెంటులో పాత నంబరు, ఇప్పటి రికార్డులో కొత్త నంబరు కనిపిస్తాయి. రెండూ ఒకే భూమివని తేల్చుకోవాలి. ఇద్దరు ముగ్గురికి కలిపి ఒకే నంబరు పడితే దాన్ని జాయింటు ఎల్‌పీఎం అంటారు. విడదీయించుకోకుండా కొంటే తర్వాత తిరగాల్సింది కొన్నవాళ్లే.

ఈ రాయికీ ఒక ప్రమాదం జరిగింది. ప్లాట్లకు మట్టి తోలినప్పుడు దీని తల గ్రావెల్ కింద పడిపోయింది. పక్కపక్క ప్లాట్ల వాళ్లు ప్రహరీలు మొదలుపెట్టి, ఎవరి గోడ ఎవరి స్థలంలోకి వచ్చిందో తేలక పనులు ఆపుకున్నారు. సర్వేయరు వచ్చి, పాత పటం పట్టుకుని, మిగిలిన రాళ్ల నుంచి కొలుచుకుంటూ చివరికి దీన్ని తవ్వి తీశాడు. రాయి కదలలేదు, గోడలే కదలాల్సి వచ్చింది. ఆ కొలత ముందే వేయించి ఉంటే పునాదుల ఖర్చు మిగిలేది.

రెండోది నీరు. మామిడికి మేలు చేసే వాలే ఇంటికీ మేలు. పునాది చుట్టూ తడి నిలవదు. కానీ వాన నీరు అంత త్వరగా జారిపోయే నేలలో ఇంకేది తక్కువ. జనవరిలో బాగా పోసే బోరు మేలో ఎలా పోస్తుందో మేలోనే చూడాలి. పక్క తోటల్లో మోటార్లు ఆడే వేళకు ఇంటి బోరు తగ్గుతుందా అన్నది ఆ వీధిలో ఉంటున్నవాళ్లకే తెలుస్తుంది. తాగడానికి వాడేట్టయితే పరీక్ష చేయించాలి. భారత ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటారు. ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకూడదు, తప్పని చోట హద్దు 1.5.

ఎక్కువ నీరూ ప్రమాదమే. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే బుడమేరు 2024 సెప్టెంబరు మొదట్లో పొంగి, విజయవాడలో సింగ్‌నగర్ లాంటి కాలనీలను రోజుల తరబడి ముంచింది. ఏడాదిలో ఎక్కువ రోజులు పొడిగా ఉండే వాగుకు దారి లేకుండా ఇళ్లు కడితే ఏమవుతుందో ఆ వారంలో తెలిసింది. గ్రామ పటంలో వాగు పోరంబోకు, చెరువు పోరంబోకు, డొంక ఎక్కడున్నాయో చూసుకుని, అవి ఇప్పటికీ నేల మీద ఉన్నాయో లేదో నడిచి చూడాలి. పటంలో ఉండి నేల మీద లేని వాగు ఎవరి ప్లాటు కిందో ఉన్నట్టే.

మూడోది ఇరుగుపొరుగు. ఇక్కడ మొదటి పొరుగు మిగిలిన తోటే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పూత కాలం. తేనెమంచు పురుగుకీ బూడిద తెగులుకీ మందులు కొడతారు. ప్రహరీ ఆవల ట్రాక్టరు స్ప్రేయరు తిరుగుతుంటే ఆ తుంపర గాలివాటాన ఇంట్లోకీ వస్తుంది. ఉబ్బసం ఉన్న పిల్లలో పెద్దలో ఇంట్లో ఉంటే తోటను ఆనుకున్న వరస వద్దనుకోవడమే మంచిది. తప్పు రైతుది కాదు, తోటే ముందు వచ్చింది. కోతల నెలల్లో రాత్రిళ్లూ లారీలు తిరుగుతాయి. ఆ మూడు నెలలూ ఊరికి పని, డబ్బు. నిద్ర తేలికగా చెడేవాళ్లకు ఇబ్బంది.

ఆ తర్వాత మనుషులు. అమ్ముడైన ప్లాట్లు ఎన్ని అని కాదు, దీపం వెలిగే ఇళ్లు ఎన్ని అని రాత్రి ఎనిమిదింటికి వచ్చి లెక్కపెట్టాలి. పెట్టుబడికి కొని వదిలేసిన వెంచర్‌లో ముళ్లచెట్లు, పాములు పెరుగుతాయి. చెత్త బండి రాదు, వీధి దీపం కాలిపోతే అడిగేవాళ్లుండరు. అద్దెకు అడిగినవాళ్లను ముందు కులమేదని అడిగే వీధిలో రేపు తమ పిల్లలు ఎలా ఆడుకుంటారో కూడా ఆలోచించుకోవాలి. ఆ సంగతి ఏజెంటు చెప్పడు, మూల మీది కిరాణా కొట్టులో అరగంట కూర్చుంటే తెలుస్తుంది.

నాలుగోది దూరం, దాన్ని కాలంతో కొలవాలి. నూజివీడు పేరున్న రైల్వే స్టేషన్ పట్టణంలో లేదు, హనుమాన్ జంక్షన్ దగ్గర ఉంది. జిల్లా కార్యాలయాల పని ఏలూరులో, పెద్దాసుపత్రి పనీ పెద్ద బజారు పనీ ఎక్కువగా విజయవాడలో. ఒకే కుటుంబం రెండు దిక్కులకూ తిరగాలి. పట్టణంలో ఆర్టీసీ డిపో, ఏరియా ఆసుపత్రి, కాలేజీలు ఉన్నాయి. వెంచర్ నుంచి అక్కడికి చేరడం ఎలాగన్నది అసలు ప్రశ్న. మొదటి బస్సు, ఆఖరి బస్సు ఎప్పుడో, స్కూలు బస్సు గేటు దాకా వస్తుందో మెయిన్ రోడ్డు మీదే ఆగుతుందో కనుక్కోవాలి. బ్రోచరులో రాసిన ‘పది నిమిషాలు’ ఆదివారం కారులో పది నిమిషాలు.

ఇవన్నీ చూశాక ఎవరికి ఏది నప్పుతుందో తేలుతుంది. ట్రిపుల్ ఐటీలోనో పట్టణంలోనో ఉద్యోగం ఉన్నవాళ్లకు, రెండు చక్రాల బండి నడిపేవాళ్లు ఇంట్లో ఇద్దరైనా ఉన్నవాళ్లకు ఊరి చివరి వెంచర్ సుఖమే. రోజూ విజయవాడ వెళ్లి రావాల్సినవాళ్లకు, తరచూ వైద్యం కావలసిన పెద్దలున్నవాళ్లకు పట్టణం నడిబొడ్డున చిన్న ఇల్లే మేలు. తేల్చుకోలేనివాళ్లు నూజివీడులో ఏడాది అద్దెకు ఉండి చూడవచ్చు. పూత, కోత, వాన మూడూ ఆ ఏడాదిలో వచ్చి పోతాయి.

కొనడానికే నిశ్చయించుకుంటే అడ్వాన్సు చేతిలో పెట్టకముందే సర్వేకు దరఖాస్తు చేసి, పక్క స్థలాల యజమానులను పిలిచి, వాళ్ల ఎదుట కొలిపించాలి. అమ్మేవాడు కొలతకు ఒప్పుకోకపోతే ఆ స్థలం కొనకూడదు.